ఎండాకాలం దాటిన ఫోమ్ కవచం

ఈవీఏ ఫోమ్‌తో (స్పాంజిలా తేలికగా, మెత్తగా ఉండే ప్లాస్టిక్ షీటు) కవచం ఎలా చేయాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఏ మందం షీటు కొనాలి, ప్యాటర్న్ ఎలా గీయాలి, బ్లేడు ఏ వాలులో పట్టుకోవాలి, అన్నీ అక్కడే దొరుకుతాయి. నా గోలంతా ఆ వీడియోలు ముట్టుకోని విషయం గురించి. కామిక్ కాన్ (కామిక్స్, గేముల అభిమానులు పాత్రల వేషాలు వేసుకుని వచ్చే వేడుక) అయిపోయి ఇంటికి వచ్చాక ఆ కవచం ఎక్కడ పెట్టాలి? హైదరాబాద్‌లో, పై అంతస్తు అద్దె ఇంట్లో, స్లాబ్ కింద అటక మీద పెడితే మే నెలలో దాని గతి ఏమిటి?

ఊడిపోతుంది. రంగు అలాగే ఉంటుంది, అంచులకు అంటించిన లేసు అలాగే ఉంటుంది, అతుకులు మాత్రం నోళ్ళు తెరుచుకుంటాయి.

అసలు నేను చేసుకున్నదేమిటో రెండు మాటల్లో చెప్తాను. ఏ గేములోదో, యానిమేలోదో కాదు. రుద్రమదేవి (పాలన 1262–1289) దండులో ఒక నాయకురాలు ఉండి ఉంటే ఎలా ఉండేదని నేనే ఊహించుకున్న వేషం. రామప్ప గుడి దగ్గర, వరంగల్ కోటలో శిల్పాలు చూసి నోట్సు రాసుకున్నాను. చిక్కేమిటంటే ఆ శిల్పాల్లో వీరుల ఒంటి మీద కవచం దాదాపు కనిపించదు. నడుముకి బాకు, చేతిలో కత్తీ డాలూ, ఒంటినిండా నగలు, అంతే. కాబట్టి నా వక్షకవచం పూర్తిగా నా కల్పన. దాని మీది హంసలు, తామర మొగ్గలు మాత్రం కోటలోని తోరణాల నుంచి తీసుకున్నవి. చరిత్ర చదివినవాళ్ళు పెదవి విరిస్తే విరవనీ. కాన్‌లో సగం మంది "ఇది ఏ కేరక్టర్?" అని అడిగారు, చెప్పాక వాళ్ళే పోజు పెట్టించి మరీ ఫొటోలు తీసుకున్నారు.

ఫోమ్‌ను మొదట్లో నేను ఎంత పొగిడానో నా స్నేహితులకు తెలుసు. ఛాతీ కవచం, భుజకీర్తులు, ముంజేతి కవచాలు, నడికట్టు అన్నీ కలిపి రెండు కిలోలు కూడా లేవు. కాన్ జరిగిన హైటెక్స్ హాల్లో రోజంతా నిలబడ్డా భుజాలు నొప్పి పుట్టలేదు. తోపులాటలో ఎవరైనా గుద్దుకున్నా వాళ్ళకీ దెబ్బ తగలదు, మనకీ తగలదు. హీట్ గన్ (వేడిగాలి ఊదే మెషీను) పెట్టి కాస్త వేడి చేస్తే చాలు, మోకాలి మీద పెట్టి వంచిన ఒంపు అలాగే నిలబడిపోతుంది. "ఇంతకన్నా మంచి సరుకు లేదు" అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను కానీ, "చలికాలంలో" అన్న ముక్క ముందు చేర్చుకోండి.

హైదరాబాద్‌లో కాన్ పెట్టేది ఎక్కువగా చలి మొదలయ్యే రోజుల్లో, అదీ పెద్ద హాల్లో. వేసుకున్న రోజు కవచానికి ఏమీ కాదు. వేసుకోని నెలలే దాన్ని తినేస్తాయి. మార్చిలో అటక మీద పెట్టాను, వానలు పడ్డాక దింపాను. భుజకీర్తులు రెండూ విప్పారిన తామరల్లా ఉండాల్సినవి కాస్తా, అతుకులన్నీ తెగి రేకులు బల్లపరుపుగా పడి ఉన్నాయి. ఛాతీ కవచంలో కుట్టులా నడిమికి దిగే అతుకు జానెడు మేర తెరుచుకుంది. జిగురు ఎండి రాలలేదు. వేలు పెట్టి చూస్తే ఇంకా సాగుతోంది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే కారణం అర్థమైంది, రెండు సంగతులు కలిశాయి. ఫోమ్‌లకు వాడే కాంటాక్ట్ గమ్ములు సింథటిక్ రబ్బరువి. వేడికి మెత్తబడతాయి. బయట 42 డిగ్రీలున్న రోజున స్లాబ్ కింద మూసిన అటకలో ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎండలో అద్దాలు బిగించి ఆపిన కారులో అయితే 60 దాటుతుంది. ఇక రెండోది ఫోమ్ బుద్ధి. అది పుట్టింది చదునైన షీటుగా. మనం వేడి చేసి వంచితే వంగుతుంది కానీ, మళ్ళీ వేడి తగిలితే పాత ఆకారానికే పోవాలని చూస్తుంది. ఒకపక్క జిగురు పట్టు వదులుతుంటే ఇంకోపక్క ఫోమ్ చదును కావాలని లాగుతుంది. ఏ వేడితో దాన్ని కవచంగా మలిచామో అదే వేడి దాన్ని మళ్ళీ షీటు చేసేస్తుంది. ఈ సరుకు మీద నా కోపమంతా ఇక్కడే. ఆ వీడియోలు తీసేవాళ్ళలో చాలామంది చలిదేశాల వాళ్ళు, వాళ్ళ గ్యారేజీలో ఈ బాధ ఉండదు.

కొత్త డబ్బా గమ్ము కొని మళ్ళీ అతికించాను. నెల తిరక్కముందే అవే చోట్ల అంచులు లేచాయి. డబ్బా మీద ఒక పూత చాలనే రాసి ఉంది.

ఇక్కడ నాకు దొరికిన మనిషి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ సమీక్షలో నిజంగా పనికొచ్చే భాగం ఇదే. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరున్నారు. ముంజేతి కవచానికి తోలు పట్టీ వేయించుకుందామని వెళ్ళాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇదేంది బిడ్డా, చెప్పు అడుగు లెక్కనే ఉన్నది" అన్నారు. నిజమే, ఇప్పుడొచ్చే తేలికపాటి చెప్పులు చాలావరకు ఈవీఏవే. మేము కాస్‌ప్లే (పాత్రల వేషాలు కట్టడం) కోసమని వెతుక్కుంటున్న సరుకుతో ఆయన రోజూ పని చేస్తున్నారు. ఊడిన అతుకు చూపించాను.

"ఒక్క పూతనే పెట్టినవా?"

"అవును తాతా."

"మొదటిది అదే తాగేస్తది. అది ఆరినంక రెండోది పెట్టాలె. అతికేది గా రెండోదే."

కోసిన అంచులో సన్నటి గదులు తెరుచుకుని ఉంటాయి, మొదటి పూత వాటిలోకి ఇంకిపోతుంది. రెండో పూత పెట్టాక వేలికి అంటనంతవరకు ఆగమన్నారు. అది నాకు తెలిసిందే. ఆ తర్వాత చేసిందే తెలియనిది. నేనైతే అతికించిన చోటుని పట్టుకుని పది నిమిషాలు కూర్చునేదాన్ని. ఆయన ఇనుప దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో అతుకు పొడవునా టకటకా కొట్టుకుంటూ పోయారు. "ఎంతసేపు పట్టినవన్నది కాదు, ఎంత గట్టిగ ఒత్తినవన్నదే లెక్క" అన్నారు. లోపలివైపు అతుకు మీద పాత లుంగీ ముక్క ఒకటి సొల్యూషన్ (చెప్పులకు వాడే గమ్ము) పెట్టి పట్టీలా అంటించారు. ఆ గుడ్డ పట్టీ ఉంటే జిగురు మెత్తబడినా అతుకు తెరుచుకోవడానికి చోటుండదు.

భుజకీర్తులు చూసి ఆయన మాట వేరే దారి పట్టింది. వాళ్ళ ఊళ్ళో చిందు భాగోతం ఆడేవాళ్ళ భుజకీర్తులు గుర్తొచ్చాయట. "వాళ్ళయి కట్టెవి బిడ్డా. ఎంత ఎండైనా గట్లనే ఉంటుండె" అన్నారు. చిందు భాగోతాన్నే చిందు యక్షగానం అని కూడా అంటారు. వాళ్ళ కిరీటాలు, భుజకీర్తులు తేలికైన పొనికి కట్టెతో చెక్కి రంగు వేసినవి. నిర్మల్ బొమ్మలు చేసేదీ ఆ పొనికితోనే. వేల రూపాయలు పోసి నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న "అల్ట్రా లైట్" సరుకు కంటే ఈ ఎండకి ఆ కట్టే నయమని ఆయన ఉద్దేశం. కాదనలేకపోయాను. చెక్కడం రాదు కాబట్టి ఫోమ్‌తోనే ఉన్నాను.

ఆయన చెప్పినట్టు అతుకులన్నీ విప్పి మళ్ళీ చేశాను. ఒక్క మార్పు నా సొంతం. అతికించే ముందే ప్రతి ముక్కనూ వేడి చేసి, కావాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే వంచి, పూర్తిగా చల్లారేదాకా తాడుతో కట్టి ఉంచాను. అప్పుడు అతుకు మీద లాగుడు తక్కువ. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం దాటింది. అంచుల దగ్గర ఒకటి రెండు చోట్ల కాస్త లేచింది, అంతే. ఇప్పుడు అటక మీద పెట్టడం లేదు. బీరువా కింది అరలో, లోపల పాత దిండు కుక్కి నిలబెడుతున్నాను. బట్టలకు చోటు తగ్గిందని అమ్మ సణుగుతూనే ఉంది.

కత్తి సంగతి వేరు. అది ఇదే అటక మీద, ఇదే ఎండలో పడి ఉంది, దానికి ఏమీ కాలేదు. వెడల్పాటి ఖండా లాంటి కత్తి. మధ్యలో కరెంటు వైరింగుకి వాడే పీవీసీ పైపు, దానికి రెండు పక్కలా 10 మిల్లీమీటర్ల ఫోమ్. ఎందుకు నిలిచిందంటే అందులో వంపు లేదు. చదునైన షీటుని చదునుగానే అతికించాం, ఫోమ్‌కి పోవాల్సిన పాత ఆకారమే అది. గేటు దగ్గర ఆయుధాలు చెక్ చేసే వాలంటీరు దాన్ని వంచి, మొన మీద వేలు పెట్టి నొక్కి, లోపల లోహం లేదు కదా అని అడిగి వదిలేశాడు. మొన గుండ్రంగా చేసుకోవడం మర్చిపోకండి. లోహమో, నిజమైన పదునో ఉంటే ఎంత అందంగా ఉన్నా లోపలికి రానివ్వరు. ఫోమ్ కత్తికి నేను పూర్తి మార్కులు ఇచ్చేదాన్ని, మా అన్నయ్య పిల్లలు దాంతో యుద్ధాలు చేయకపోయుంటే. పైపు ఆగిన చోట, మొనకి జానెడు కింద, ఇప్పుడది కాస్త వాలింది. దూరం నుంచి తెలీదు. దగ్గర ఫొటో తీస్తే తెలుస్తుంది.

డాలు మాత్రం ఫోమ్‌తో చేయలేదు. గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండాల్సినది ఎండకి ఏమవుతుందో చూశాక ధైర్యం చాలలేదు. బేగంబజారులో వెదురు తట్ట ఒకటి కొని, బోర్లించి, పైన పలచటి ఫోమ్ వేసి రంగు కొట్టాను. ఆకారం తట్టది, అందం ఫోమ్‌ది. నా మొత్తం వేషంలో ఇప్పటిదాకా రిపేరు అడగనిది అదొక్కటే. బరువు కాస్త ఎక్కువ.

రంగు గురించి ఎక్కువ చెప్పను. ఫోమ్ మీద నేరుగా రంగు వేస్తే పీల్చేస్తుంది, ముందు హీట్ గన్‌తో పైపొర మూయాలి, తర్వాత ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత. చౌకని చాలామంది తెల్ల జిగురుని నీళ్ళలో కలిపి పూస్తారు. నేనూ కొన్ని ముక్కలకు అలాగే చేశాను. కదలని చోట్ల ఇప్పటికీ బాగుంది. నడికట్టులో, కూర్చున్నప్పుడల్లా మడత పడే చోట పగుళ్ళొచ్చి బంగారు రంగు కింద నల్ల ఫోమ్ కనిపించింది. సాగే రబ్బరు ప్రైమర్ వేసినవి పగల్లేదు. లాడ్‌బజారులో కొన్న రాళ్ళూ లేసులూ అతికించి ఆ పగుళ్ళు కప్పేశాను, ఎవరూ కనిపెట్టలేదు.

ఇక గమ్ము వాసన. ఈ గమ్ముల్లో టోల్యూన్ లాంటి ద్రావకాలుంటాయి, తలుపులు మూసుకుని చేస్తే తలనొప్పి ఖాయం. కరోనా మాస్కులు దీనికి పనికిరావు, ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ వేరే దొరుకుతుంది, అదే కొనండి. నేను డాబా మీద చేసుకున్నాను. ఫోమ్‌ని రుద్దినప్పుడు లేచే పొడి కింది ఇంటివాళ్ళు ఆరేసిన బట్టల మీద పడి చిన్న గొడవ కూడా అయింది.

ఇంతకీ కొనమంటారా వద్దంటారా అని అడిగితే, నా పరిస్థితి చూసుకుని చెప్పగలను తప్ప ఇంకోలా చెప్పలేను. హీట్ గన్‌తో కలిపి నాకు ఐదారు వేలు అయింది, రిపేర్లకు ఇంకో వెయ్యి దాకా పోయింది. నాకు డాబా ఉంది, వీధి చివర ఆ పెద్దాయన ఉన్నారు, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వేసుకుంటాను. కింది అంతస్తులో ఉండి, ఇంట్లో చల్లటి గది ఒకటున్నవాళ్ళు నేను పడ్డ బాధలో సగం కూడా పడరు. ఒక్క రోజు కోసమే అయితే ఇంత అవసరం లేదు, స్కూలు పిల్లలకు వేషాలు అద్దెకిచ్చే షాపుల్లో పెద్దవాళ్ళ సైజులు కూడా ఉంటాయి, ముందు అక్కడ అడగండి. రెండోసారి కూడా వేసుకుంటాననుకునేవాళ్ళు కత్తితో మొదలుపెట్టండి, భుజకీర్తులు చివర్లో చూసుకోవచ్చు. కాన్‌కి కారులో తీసుకెళ్ళేటట్టయితే దారిలో భోజనానికని ఎండలో ఆపకండి, ఆపినా డిక్కీలో మాత్రం వదిలేసి వెళ్ళకండి.