జిమ్‌లో అమ్మే ‘టెస్ట్’ ఇంజెక్షన్ కొనేముందు ఇది చదవండి

జిమ్ ట్రైనర్ చేతిమీదుగానో, వాట్సాప్ గ్రూపులోనో ‘టెస్ట్’ పేరుతో అమ్ముతున్న టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్లు కొనకండి. పెళ్లి కుదిరినవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు అసలు ముట్టుకోకండి. మగతనం పెరుగుతుందని చెప్పి అమ్మే ఈ మందు వీర్యకణాల తయారీనే ఆపేస్తుంది.

ఎలాగంటే, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను వదులుతుంది. ఎల్‌హెచ్ అందితేనే వృషణాలు టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. వృషణాల లోపల ఆ హార్మోన్ రక్తంలో కన్నా చాలా రెట్లు ఎక్కువగా ఉంటుంది. అంత ఉంటేనే వీర్యకణాలు పుడతాయి. సూదితో బయటినుంచి ఎక్కించినప్పుడు రక్తంలో నిండుగా ఉందని చూసి పిట్యూటరీ ఆ రెండింటినీ ఆపేస్తుంది. ఒంట్లో టెస్టోస్టెరాన్ పొంగిపోతున్నా వృషణాల లోపల మాత్రం కరువే. కొన్ని నెలల్లో అవి మెత్తబడి చిన్నవవుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే మందును మగవాళ్లకు గర్భనిరోధకంగా పరీక్షించింది. వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ ఇస్తే, 271 మందిలో 157 మందికి వీర్యకణాలు సున్నాకు పడిపోయాయి. ఆ ఫలితాలు 1990లోనే వచ్చాయి. జిమ్ ‘సైకిల్’లో, అంటే కొన్ని వారాలపాటు వరుసగా వాడే కోర్సులో, చెప్పే మోతాదు తరచూ వారానికి 500 మిల్లీగ్రాములు.

ఈ ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్ల ల్యాబ్ రిపోర్టు చూడగానే తెలిసిపోతుంది: టెస్టోస్టెరాన్ తరచూ 1,000 నానోగ్రాములు/డెసిలీటరు దాటి ఉంటుంది, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ లెక్కకు అందనంత తక్కువ, సెమెన్ అనాలిసిస్‌లో (వీర్య పరీక్షలో) కణాలు ‘నిల్’. మన ఇళ్లలో పిల్లలు కలగకపోతే ముందు కోడలినే స్కానింగులకూ రక్తపరీక్షలకూ తిప్పుతారు. అబ్బాయి సెమెన్ పరీక్ష కొద్ది ఖర్చుతో ఒక్కరోజులో అయిపోతుంది. అది ముందు చేయించకుండా ఆ అమ్మాయిని నెలల తరబడి తిప్పడం అన్యాయం.

ఆపేస్తే చాలామందికి కణాలు తిరిగొస్తాయి, కానీ ఆరు నెలలు, ఏడాది, కొందరికి రెండేళ్లు పడుతుంది. ఆపిన మొదటి వారాల్లో బయటి మందు ఉండదు, సొంత తయారీ ఇంకా మొదలవదు. నీరసం, దిగులు, కోరిక తగ్గడం అన్నీ ఒకేసారి మీదపడతాయి. అది తట్టుకోలేకే మళ్లీ కొంటారు. అమ్మినవాడే ‘పీసీటీ’ (సైకిల్ తర్వాతి చికిత్స) పేరుతో క్లోమిఫిన్, టామోక్సిఫెన్ మాత్రలు కూడా అంటగడతాడు. అవి కూడా డాక్టరు రక్తపరీక్షలు చూసి నిర్ణయించాల్సిన మందులే.

మిగతా నష్టాలూ తక్కువేం కావు. రక్తం చిక్కబడుతుంది, వైద్యంలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే డాక్టర్లు మందు ఆపేస్తారు. జిమ్‌లో దాన్ని చూసేవాళ్లెవరు? కొంత టెస్టోస్టెరాన్ ఈస్ట్రడయోల్ అనే ఆడ హార్మోన్‌గా మారి ఛాతీ పెరుగుతుంది. ఎదిగే వయసు పిల్లలకు ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోయి పొడవు తగ్గుతుంది. ఆడవాళ్లు వాడితే గొంతు బొంగురుపోతుంది, అది మళ్లీ మామూలు కాకపోవచ్చు. మెథాండియెనోన్, స్టానోజొలాల్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

వయల్ (మందు సీసా) చేతికిస్తే లేబుల్ తిప్పి చూడండి. మన దేశంలో ఇది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అసలు మందు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. దొంగ సరుకు మీద మెరిసే బొమ్మ, ఏదో ల్యాబ్ పేరు ఉంటాయి. లోపల ఎంత మందుందో, ఆ నూనె ఎంత శుభ్రమో ఎవరికీ తెలియదు. తుంటి మీద చీముగడ్డలు లేచేది ఇలాంటివాటితోనే. ఒకే సూదిని నలుగురు వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ కూడా అంటుకుంటాయి.

టెస్టోస్టెరాన్ పెంచుతాయంటూ అమ్మే ‘బూస్టర్’ సప్లిమెంట్ డబ్బాల సంగతి వేరు. వాటి మీదుండే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఆహార లైసెన్సుది, మందుగా పనిచేస్తుందన్న హామీ కాదు. పల్లేరు సారంతో టెస్టోస్టెరాన్ పెరగదని పరీక్షల్లో తేలింది. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. డబ్బా తెరిచిన రెండు వారాలకే కండ పొంగి మొటిమలు లేస్తే, అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాల్సిందే.

నిజంగా టెస్టోస్టెరాన్ లోపం ఉందేమోనన్న అనుమానముంటే ఉదయం 7–10 మధ్య, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పరీక్ష చేయించండి. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే రెండు మూడు రోజుల ముందే ఆపండి, కొన్ని యంత్రాల్లో అది లెక్క తప్పిస్తుంది. రెండుసార్లూ 300 నానోగ్రాములు/డెసిలీటరు కన్నా తక్కువొచ్చి, లక్షణాలూ ఉంటే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి. కారణం గవదబిళ్లలు కావచ్చు, పిట్యూటరీ గడ్డ కావచ్చు, క్లైన్‌ఫెల్టర్ అనే పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ లోపం కావచ్చు, ఊబకాయం కావచ్చు. నిజమైన లోపం ఉన్నా, పిల్లలు కావాలనుకునేవాళ్లకు డాక్టర్లు టెస్టోస్టెరాన్ ఇవ్వరు. పిట్యూటరీ వల్ల వచ్చిన లోపమైతే ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ లాంటివి ఇస్తారు.

ఇప్పటికే వాడినవాళ్లు డాక్టరు దగ్గర దాచకండి. మందు పేరు, వారానికి ఎంత, చివరి సూది తేదీ కాగితం మీద రాసుకుని, ఖాళీ వయల్‌ను కూడా వెంట తీసుకెళ్లండి.