ఎస్‌ఎఫ్‌-24, ఎస్‌ఎఫ్‌-25: ఫెరారీ రెండు కార్లు

ఫార్ములా వన్ రేసుల్లో ఫెరారీ జట్టు నడిపిన ఈ రెండు కార్లలో నా ఓటు పాత కారుకే. 2024లో ఎస్‌ఎఫ్‌-24 ఐదు రేసులు గెలిచింది. తన సొంత ఊరు మొనాకోలో ఫెరారీ డ్రైవర్ లెక్లెర్ గెలిచిన రోజు నా కళ్లు చెమర్చాయి. జట్టు టైటిల్ 14 పాయింట్ల తేడాతో మెక్‌లారెన్‌కు పోయింది.

అంత దగ్గరకు తెచ్చిన కారును పక్కనపెట్టి, 2025కు దాదాపు అంతా మార్చేశారు. ముందు చక్రాల సస్పెన్షన్‌లో పుష్‌రాడ్ అనే కడ్డీ తీసి పుల్‌రాడ్ పెట్టారు. పుల్‌రాడ్‌లో కడ్డీ చక్రం పైభాగం నుంచి కారు లోపలి వైపు కిందికి వాలుతుంది. ముక్కు దగ్గర గాలి దారి మారుతుంది. ఆలోచన మంచిదే. కానీ కారు నేలకు మరీ దగ్గరగా నడిస్తే కారు అడుగున ఉండే పలక అరుగుతుంది. చైనాలో శనివారం స్ప్రింట్ అనే చిన్న రేసు గెలిచిన ఫెరారీ డ్రైవర్ హామిల్టన్, ఆదివారం ప్రధాన రేసైన గ్రాండ్ ప్రిలో ఆ అరుగుదల పరిమితి మించడం వల్లే అనర్హుడయ్యాడు. ఎస్‌ఎఫ్‌-25కు ఏడాదంతా ఒక్క గ్రాండ్ ప్రి విజయమూ దక్కలేదు.