ఆయన కాళ్ళు, నా బ్యాటరీ: కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా

పాతికేళ్ళ కాపురంలో మా ఆయన ఎప్పుడూ నాకంటే నాలుగడుగులు ముందే. పెళ్ళికెళ్ళినా, షాపింగుకెళ్ళినా అంతే. మలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తారు, నేను అందుకోగానే మళ్ళీ కదులుతారు. అంటే ఆయనకు విశ్రాంతి దొరుకుతుంది, నాకు దొరకదు. సైకిళ్ళ మీద ఆరు రోజుల యాత్ర అనగానే నాకు ముందు గుర్తొచ్చింది ఇదే. అందుకే ఒక్క షరతు పెట్టాను: నాకు ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకు తీసుకోవాలి. "అది సైకిల్ తొక్కడం కాదు, మోపెడ్ నడపడం" అన్నారు. ఆయనకు 56, నాకు 52. ఈ వయసులో వాదన గెలవడం కన్నా మోకాళ్ళు దక్కించుకోవడం నయమని ఊరుకున్నాను.

మేం ఎంచుకున్నది అమెరికాలోని గ్రేట్ అలెగేనీ పాసేజ్ అనే సైకిల్ దారి. మేరీలాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ దాకా 150 మైళ్ళు. రైళ్ళు ఆగిపోయిన పాత లైన్ల మీద పట్టాలు తీసేసి, సున్నపురాయి పొడి పరిచి దారి చేశారు. 1986లో ఒహాయోపైల్ దగ్గర చిన్న ముక్కతో మొదలై, 2013లో పిట్స్‌బర్గ్ దాకా పూర్తయింది. కార్లు రావు. రైలింజన్ నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి ఆ రోజుల్లో ఇంజనీర్లు కొండ అడ్డొస్తే సొరంగం తవ్వారు, లోయ వస్తే వంతెన కట్టారు. వాళ్ళు ఇంజన్ కోసం పడ్డ కష్టం ఇప్పుడు మా మోకాళ్ళకు కలిసొచ్చింది. ఎక్కడా రెండు శాతానికి మించి ఏటవాలు ఉండదు.

కారు పిట్స్‌బర్గ్‌లో పెట్టి, తెల్లవారుజామున ఆమ్‌ట్రాక్ రైలెక్కి కంబర్లాండ్‌లో దిగాం. ఇలా చేస్తే తొక్కుతున్నన్ని రోజులూ మన కారు వైపే వస్తుంటాం, చివర్లో రైలు అందుకోవాలన్న టెన్షన్ ఉండదు. ఆ రైల్లో సైకిల్‌కి వేరే రిజర్వేషన్ కావాలి. చోట్లు తక్కువ కాబట్టి ముందు అది దొరికాకే మిగతావి బుక్ చేయండి. ఆయన సైకిల్ రైల్లో వచ్చింది, నాది కంబర్లాండ్‌లో అద్దెకు తీసుకున్నాం. పిట్స్‌బర్గ్‌లో అద్దెకిచ్చినవాళ్ళ వ్యాన్ వచ్చి దాన్ని తీసుకెళ్తుంది, దానికి అదనంగా కట్టాలి. ఈ దారిలో తొక్కితేనే సాయం చేసే రకం ఎలక్ట్రిక్ సైకిళ్ళకు అనుమతి ఉంది. తొక్కకుండా కూర్చుంటే అది కదలదు. ఈ ముక్క మా ఆయనకు ఆరు రోజుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మొదటి రోజు ఫ్రాస్ట్‌బర్గ్ దాకా 16 మైళ్ళే. "గంటన్నర" అన్నారాయన. కంబర్లాండ్ దాటిన దగ్గర్నుంచీ ఎక్కుడే. చూపుకి దారి సమంగానే ఉంటుంది, అదే దాని మోసం. పక్కనే ఉన్న పట్టాల మీద టూరిస్టు రైలు కూత పెట్టుకుంటూ పోయింది, కిటికీల్లోంచి పిల్లలు చేతులూపారు. నేను ఊపాను. ఆయన ఊపలేదు, రెండు చేతులూ హ్యాండిల్‌కే అతుక్కుపోయాయి. పదో మైలు దగ్గర నేను ఆగి వెనక్కి చూశాను. ఆయన వచ్చి పక్కన ఆగారు. ఒక్క క్షణం నాకు వెంటనే కదలాలనిపించింది, ఎందుకో తెలిసే ఉంటుంది. కదలలేదు. నీళ్ళ సీసా ఇచ్చాను.

ఫ్రాస్ట్‌బర్గ్‌లో ఒక చిక్కుంది. దారి కింద ఉంటుంది, ఊరు గుట్ట మీద ఉంటుంది. పాత స్టేషన్ దగ్గర్నుంచి మెలికలు తిరిగే కాలిబాటలో సైకిల్ నెట్టుకుంటూ పోవాలి. రోజంతా ఎక్కిన ఎత్తు ఒక లెక్క, చివరి ఆ కాస్తా ఒక లెక్క. మేం దిగిన పాత ఇల్లు అందంగానే ఉంది, లేసు కర్టెన్లు, గోడనిండా గడియారాలు. కానీ సైకిళ్ళు పెట్టిన షెడ్డులో ప్లగ్గు లేదు. బ్యాటరీ ఊడదీసి, చంటిపిల్లలా చంకనెత్తుకుని రెండో అంతస్తుకు మోశాను. అప్పట్నుంచి బస చూసే కళ్ళు మారిపోయాయి. పరుపు, పూల దుప్పటి తర్వాతి మాట. సైకిల్ పెట్టడానికి తాళం ఉన్న చోటు, బ్యాటరీకి ప్లగ్గు, తడిబట్టలు ఆరేసే చోటు, నడిచి వెళ్ళేంత దూరంలో భోజనం ఉంటే అదే మాకు ఫైవ్‌స్టార్. గదులు రాత్రికి 130 నుంచి 180 డాలర్ల మధ్య పడ్డాయి. ఎక్కువ పెట్టిన చోట ఎక్కువ సుఖం దొరికిందని మాత్రం చెప్పలేను.

రెండో రోజు మొత్తం యాత్రకే తలమానికం. పెన్సిల్వేనియాలోకి అడుగుపెట్టే చోట, రెండు రాష్ట్రాల సరిహద్దయిన మేసన్-డిక్సన్ రేఖ రాళ్ళు, ఆ తర్వాత బిగ్ సావేజ్ సొరంగం. దాదాపు 3,300 అడుగుల పొడవు. లోపలికెళ్ళే ముందు వెనక్కి తిరిగి చూడండి, మేరీలాండ్ కొండలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. అక్టోబరు మొదటివారం కాబట్టి ఆకులు అప్పుడే పసుపెక్కుతున్నాయి. లోపల లైట్లున్నాయి కానీ ఫ్రిజ్‌లోకి దూరినట్టు చల్లగా ఉంటుంది, స్వెటర్ పైనే పెట్టుకోవాలి. చలికాలంలో మంచు గడ్డకట్టి లోపల దెబ్బతినకుండా రెండు తలుపులూ మూసేస్తారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా ఇటు రావాలనుకుంటే ముందు ఆ సంగతి కనుక్కోవాలి.

సొరంగం దాటాక ఇంకో రెండు మైళ్ళకు తూర్పు ఖండ విభజన రేఖ, 2,392 అడుగుల ఎత్తు. ఇక్కడ పడిన వాన ఒక పక్కకు జారితే పొటోమాక్ మీదుగా అట్లాంటిక్‌కి, ఇంకో పక్కకు జారితే ఒహాయో, మిసిసిపీ నదుల వెంట మెక్సికో గల్ఫ్‌కి పోతుంది. గోడ మీద మొత్తం దారి ఎత్తుపల్లాల బొమ్మ ఉంది. ఒకవైపు 24 మైళ్ళ ఎక్కుడు, ఇంకోవైపు 126 మైళ్ళ దిగుడు. మా ఆయన ఆ బొమ్మని ఎంతసేపు ప్రేమగా చూశారంటే, పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూడలేదు.

దిగుడంటే జారుడుబల్ల అనుకోకండి. మేయర్స్‌డేల్ దాకా తెలుస్తుంది, ఆ తర్వాత అంతా తొక్కాల్సిందే, ఎదురుగాలి లేకపోతే అదే పెద్ద దిగుడు. మేయర్స్‌డేల్ దాటాక సాలిస్‌బరీ వయడక్ట్ వస్తుంది, 1,908 అడుగుల పొడవైన ఇనుప వంతెన. కింద నది, హైవే, ఇంకా నడుస్తున్న రైలు పట్టాలు, దూరంగా కొండ మీద గాలిమరలు. వంతెన మధ్యలో ఉండగా కింద గూడ్సు బండి వచ్చింది. ఇద్దరం పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, వందకు దగ్గర్లో తడబడి వదిలేశాం.

ఆ రాత్రి రాక్‌వుడ్‌లో బస. బ్యాగులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వ్యాన్లో చేర్చే సర్వీసు తీసుకున్నాం. ఆరోజు చివరి ఐదు మైళ్ళు వాన. తడిసిన సున్నపురాయి పొడి పాలపిండి కలిపినట్టయి చెయిన్‌కీ ప్యాంట్లకీ ముఖానికీ పట్టేసింది. బస చేరితే బ్యాగు లేదు. ఫోన్ చేస్తే, పొరపాటున వేరే ఊళ్ళో దించేశామన్నారు. తెచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అంతసేపూ ఇంటావిడ ఇచ్చిన తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నాం. ఇంతా అయ్యాక కూడా ఆ సర్వీసు తీసుకోమనే చెప్తాను. పదిహేను కిలోలు క్యారియర్ మీద మోయడం కన్నా ఒక సాయంత్రం తువ్వాళ్ళలో గడపడమే మేలు. కాకపోతే ఒక జత పొడిబట్టలు, మందులు, చార్జర్ మాత్రం దగ్గరే ఉంచుకోండి. నా చార్జర్ కూడా ఆ బ్యాగులోనే ఉండిపోయింది.

భోజనం సంగతీ అక్కడే చెప్పాలి. మా ఆయన శాకాహారి. ఈ ఊళ్ళలో వంటలు ఎనిమిదింటికే కట్టేస్తారు, సోమ మంగళవారాల్లో కొన్ని హోటళ్ళు తెరవనే తెరవరు. మనకు మిగిలేది చీజ్ పిజ్జా, చీజ్ శాండ్‌విచ్, వేయించిన బంగాళాదుంపలు. నాలుగో రోజుకి కారప్పొడి సీసా బయటపడింది, ఆయన దాన్ని శాండ్‌విచ్ మీద చల్లుతుంటే పక్క టేబుల్ వాళ్ళు కూడా అడిగి తీసుకున్నారు. ఏ రాత్రి ఎక్కడ తింటామో పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోవడం అలవాటు చేసుకున్నాం.

మూడో రోజు కాన్‌ఫ్లుయెన్స్ దాకా 18 మైళ్ళు. మళ్ళీ వెళ్తే రెండు రాత్రులుండేది ఈ ఊళ్ళోనే. పేరుకి అర్థమే సంగమం. కాసెల్‌మన్, యాకగేనీ నదులు, లారెల్ హిల్ అనే వాగు ఇక్కడ కలుస్తాయి. ఊరంతా పది నిమిషాల్లో చుట్టేయొచ్చు. మధ్యాహ్నం రెండింటికే చేరిపోయి, నది ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. ఆయన నిద్రపోయారు, నేను గాలానికి చేపలు పడతాయేమోనని ఒక ముసలాయన వైపు చూస్తూ గంట గడిపాను. పడలేదు. బస కూడా ఇక్కడిదే బాగా నచ్చింది: మామూలు ఇల్లు, కింద గ్యారేజీలో సైకిళ్ళకు స్టాండు, నీళ్ళ గొట్టం, ప్లగ్గు, చెయిన్ తుడవడానికి పాత గుడ్డలు కూడా. ఒక్కటే లోపం, అవతల రైల్వే లైను రాత్రంతా నడుస్తుంది. ఈ దారి పొడవునా చాలా ఊళ్ళలో ఇంతే. రైలు పోయిన దారిలో సైకిల్ తొక్కి, రైలు పోతున్న దారి పక్కన పడుకోవడం. చెవుల్లో పెట్టుకునే దూది తప్పనిసరి.

ఒహాయోపైల్ అక్కడికి 11 మైళ్ళు, నది పక్కనే అడవిలో సాగే దారి. జలపాతం ఊరి నడిబొడ్డునే ఉంది, ఎత్తయిన వంతెనల మీంచి నదిలో రాఫ్టింగ్ చేసేవాళ్ళను చూడొచ్చు. చూడ్డానికి ఇంత బాగున్న ఊరు ఈ దారిలో ఇంకోటి లేదు. బసకు మాత్రం నేను ఓటెయ్యను. శనివారం కావడంతో జనం, ఐస్‌క్రీముకి క్యూ, గదుల రేట్లు చూస్తే గుండె గుభేలుమంది. నాలుగైదు మైళ్ళ దూరంలో ఫాలింగ్‌వాటర్ ఉంది, ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో జలపాతం మీదే డిజైన్ చేసిన ఇల్లు. ముందే టికెట్ కొనాలి, రోడ్డు ఎత్తుపల్లాలతో కార్ల మధ్య పోతుంది. సైకిల్ మీద వెళ్దామన్నారాయన, నేను టాక్సీ పిలిచాను. జలపాతం చప్పుడు వింటూ కాఫీ తాగే ఇల్లు అనుకున్నాను కానీ, రోజూ ఆ హోరులో ఎలా నిద్రపోయేవారో!

కానెల్స్‌విల్ గురించి చెప్పేంత లేదు. ఒకప్పుడు బొగ్గును కాల్చి కోక్ తయారుచేయడానికి పేరుమోసిన ఊరు. ఇప్పుడు మనకు పనికొచ్చేది దారి పక్కనే దొరికే సూపర్ మార్కెట్, మందుల షాపు. అక్కడి మోటెల్ గదిలోకే సైకిళ్ళు తీసుకెళ్ళనిచ్చారు, అందుకు మార్కులు వేస్తాను. గదిలో సిగరెట్టు వాసన వచ్చినందుకు అన్నీ తీసేస్తాను.

వెస్ట్ న్యూటన్ వైపు వెళ్తుంటే నది వెడల్పవుతుంది, మనుషులు తగ్గుతారు. ఆ రోజు దాదాపు ఏమీ మాట్లాడుకోకుండా పక్కపక్కనే తొక్కాం. ఇంట్లో అంతసేపు మాట్లాడకపోతే ఎవరో ఒకరు అలిగినట్టు లెక్క. ఎవరి వేగం వాళ్ళది కాకుండా, నా సైకిల్ సాయాన్ని తగ్గించుకుంటూ పెంచుకుంటూ ఆయన పక్కనే ఉండగలగడం నాకు కొత్త. వెస్ట్ న్యూటన్ దాటాక కొంతదూరంలో ఒక బండ మీంచి ఎర్రటి నీళ్ళు జారుతుంటాయి. అందం చూసి ఫోటో తీశాను. పాత బొగ్గు గనుల్లోంచి ఊరే నీరట, ఇనుము వల్ల ఆ రంగు. తర్వాత ఫోటో మళ్ళీ చూడాలనిపించలేదు.

చివరి రోజు 36 మైళ్ళు, అందులో మెకీస్‌పోర్ట్ భాగం చిరాకు పెట్టింది. దారి వీధుల్లోకి వస్తుంది, గుర్తులు చూసుకుంటూ పోవాలి, రెండుసార్లు తప్పిపోయి ఒకరినొకరు తప్పుపట్టుకున్నాం. ఆ తర్వాత తారు దారి, పాత రైలు వంతెన మీంచి మొనంగహేలా నది దాటడం, హోమ్‌స్టెడ్ దగ్గర ఒకప్పటి ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు వరసగా నిలబడి ఉండటం. 1892లో పెద్ద సమ్మె జరిగింది ఇక్కడే. ఇప్పుడు ఆ గొట్టాల నీడలో సినిమాహాలు, రెస్టారెంట్లు. పిట్స్‌బర్గ్‌లో హాట్ మెటల్ బ్రిడ్జి దాటితే ఊరి మధ్యలోకి వచ్చేసినట్టే. అలెగేనీ, మొనంగహేలా కలిసి ఒహాయో నదిగా మారే ముక్కు కొస దగ్గర దారి అయిపోతుంది. అక్కడ ఫోటో తీసుకుంటుండగానే వ్యాన్ వాడు వచ్చి నా సైకిల్ ఎక్కించుకుని పోయాడు. నేను నడుస్తుంటే, పక్కన మా ఆయన సైకిల్ నెట్టుకుంటూ వచ్చారు.

మర్నాడు కారులో పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికెళ్ళాం. మెట్లెక్కుతుంటే ఆయన కాళ్ళు మొరాయించాయి, రెయిలింగ్ పట్టుకుని ఆగి, నేను వచ్చేదాకా చూడబోయి, నేను అప్పటికే పై మెట్టు మీద ఉన్నానని గమనించారు.

"ఏమోయ్" అన్నారు కిందినుంచి. "ఆ మోపెడ్, కొత్తది ఎంతుంటుందంటావ్?"