జిప్సీ ముందు యాక్సిల్ ఆయిల్ సీల్: మార్చి మార్చి విసిగాక ఏది నిలిచింది

పాత మారుతి జిప్సీ జీపు ముందు చక్రాల లోపలి వైపు గ్రీజూ గేరాయిలూ కలిసి నల్లగా కారుతుంటే మెకానిక్‌లందరిదీ ఒకటే మాట, సీల్ (షాఫ్టు చుట్టూ నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది మార్చేద్దాం అని. మారుస్తారు. కొన్నాళ్లు పొడిగా ఉంటుంది, ఓ వానాకాలం రాగానే మళ్లీ మొదలు. నా బండి ఎక్కువగా తిరిగేది పాడేరు ఘాట్‌లో, ఆ చుట్టుపక్కల వాగుల్లో. కంపెనీ సీలూ, బజారు సీలూ రెండూ వాడాను. కంపెనీది కొంచెం ఎక్కువ కాలం ఆగింది, అంతే.

అసలు దొంగ బ్రీదర్. డిఫరెన్షియల్ (యాక్సిల్‌లోని గేర్ల డబ్బా) లోపలి గాలి ఆడే దారి అది, బురదతో మూసుకుపోయినా ఎవరూ చూడరు. అప్పుడు వేడెక్కి ఉబ్బిన గాలి సీల్ అంచును తోసుకుంటూ నూనెను బయటికి పంపుతుంది, పైగా వేడి మీదున్న యాక్సిల్‌ని చల్లటి వాగులో దింపితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లను లాక్కుంటుంది, డ్రెయిన్ బోల్టు విప్పితే నూనె పాలు కలిపిన టీలా వస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయించి, నూనెకు పాడవని రబ్బరు పైపు తగిలించి ఇంజిన్ దగ్గర ఎత్తుగా కట్టించాను. అన్నింటికన్నా చవకైన పని ఇదే, బాగా పనిచేసిందీ ఇదే.

రెండోది, సీల్ ఆనే చోట షాఫ్టు మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంది. అలాంటి చోట ఎంత మంచి సీల్ వేసినా దండగ. లేత్ షాపులో పల్చటి స్లీవ్ (లోహపు తొడుగు) ఎక్కించారు.

కింగ్‌పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకు తిరిగే చోట ఉండేవి) కూడా చూసుకోండి. జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులుగా కదలడం) ఉంటే ఎవరినైనా బ్రేక్ తొక్కమనండి, అప్పుడు ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్‌పిన్. అది వదులైతే షాఫ్టు మధ్యలో ఉండక సీల్ ఒక పక్కే అరిగిపోతుంది.

ఆ తర్వాత కొన్ని వానాకాలాలు గడిచాయి, కారడం లేదు. ఎడమ వైపు పల్చటి తడి మాత్రం కనిపిస్తుంది, బయటి ఫెల్ట్‌ రింగుకి (ఉన్నిలాంటి మెత్తటి పట్టీ) కొంచెం నూనె అంటడం మామూలే కాబట్టి నాకు టెన్షన్ లేదు. ఒకటి గట్టిగా చెప్పి చేయించుకోండి: నకిల్ (యాక్సిల్ చివర చక్రం పక్కకు తిరిగే కీలు) లోపలి పాత గ్రీజంతా డీజిల్‌తో కడిగించాలి, లేకపోతే గేరాయిల్‌తో పల్చబడిన ఆ గ్రీజే వారాల తరబడి కారుతూ కొత్త సీల్ కూడా పోయిందేమో అనిపిస్తుంది. నూనె తాగిన బ్రేక్ ప్యాడ్లను తుడిచి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు.