రైజెన్ 5 7600: ఓవర్‌క్లాక్‌కి ఎంత లొంగుతుంది, ఎక్కడ తేడా కొడుతుంది

2023 జనవరిలో ఏఎండీ వదిలిన ఈ ఆరు కోర్ల ప్రాసెసర్‌ని పెట్టెలోంచి తీసి అలాగే వాడుకున్నా లోటేమీ ఉండదు. కానీ ఓ రెండు రోజులు ఓపికపట్టి బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల స్క్రీన్) కూర్చుని ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే కంపెనీ పెట్టిన హద్దులు దాటి నడిపిస్తే, 7600ఎక్స్‌కి పెట్టాల్సిన అదనపు డబ్బు చేతిలో మిగులుతుంది. రెండింటికీ తేడా చాలావరకు లిమిట్లలోనే ఉంది. దీని పవర్ లిమిట్ 88 వాట్లు, దానిది 142. దీని బూస్ట్, అంటే తనంతట తాను అందుకునే అత్యధిక స్పీడు, 5.1 గిగాహెర్ట్జ్, దానిది 5.3. పైగా దీంతో కూలర్ ఇస్తారు, దాంతో ఇవ్వరు.

అన్ని కోర్లనూ ఒకే స్పీడు దగ్గర బిగించే పాత పద్ధతి మాత్రం దీనికి వద్దు. 5.0 దగ్గర లాక్ చేస్తే, ఒకటి రెండు కోర్ల మీదే నడిచే పనుల్లో తనంతట తానే 5.1 దాకా వెళ్లగల కోర్‌ని మనమే కిందికి లాగినట్టు. ఇందులో అసలు లాభం ర్యామ్‌లో ఉంది, ఆ తర్వాత కర్వ్ ఆప్టిమైజర్‌లో (ఒక్కో కోర్‌కి అందే వోల్టేజిని తగ్గించే సెట్టింగు).

మదర్‌బోర్డు కనీసం బీ650 చిప్‌సెట్‌ది అయినా ఉండాలి. ఏ620 చిప్‌సెట్‌కి ఏఎండీ ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఇవ్వలేదు. పెట్టెలో వచ్చే కూలర్ 88 వాట్ల వరకు సరి, అదీ చప్పుడు భరిస్తే. లిమిట్ పెంచాలనుకుంటే నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్ కొనండి. అప్పుడైనా 115 వాట్లు దాటించడం దండగ, అక్కడి నుంచి వేడి పెరిగినంతగా స్పీడు పెరగదు. ఈ ప్రాసెసర్ పైమూత మందంగా ఉండడంతో ఎంత పెద్ద కూలర్ పెట్టినా లోపలి వేడి త్వరగా బయటికి రాదు. టెంపరేచర్ లిమిట్‌ని 95 నుంచి 85కి దించి పెట్టుకోవడం మా సలహా.

ర్యామ్ విషయానికొస్తే డీడీఆర్5లో 16 జీబీ స్టిక్కులు రెండు, 6000 స్పీడు, సీఎల్30 (అడిగాక డేటా రావడానికి పట్టే ఆలస్యం, క్లాకుల్లో), 1.35 వోల్టులు, హైనిక్స్ కంపెనీ చిప్పులు ఉన్న కిట్ ఎంచుకోండి. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. తర్వాత కొనొచ్చులే అని మరో రెండు స్టిక్కులకు ప్లాన్ వేసుకోకండి. నాలుగు పెడితే ఏఎండీ అధికారికంగా ఒప్పుకునే స్పీడు 5200 నుంచి 3600కి పడిపోతుంది.

ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. కరెంటు పోయే వేళల్లో యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. తర్వాత ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి తెచ్చే సెట్టింగు) ఆన్ చేసి, మెమరీ కంట్రోలర్ క్లాకు మెమరీ క్లాకుతో 1:1లో ఉందో లేదో చూడండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. బోర్డు ర్యామ్‌ని ట్రెయిన్ చేసుకుంటోందన్నమాట, అంటే ఆ స్పీడుకి సరిపడేలా సర్దుకుంటోంది. చెడిపోయిందనుకుని స్విచ్ కట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ప్రతిసారీ ఆ ఆలస్యం లేకుండా మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ ఆన్ చేస్తే, దాని పక్కనే ఉండే పవర్ డౌన్ ఎనేబుల్ కూడా ఆన్‌లో ఉంచండి. ఒకటి ఆన్, ఒకటి ఆఫ్ అయితే చాలా బోర్డుల్లో బ్లూ స్క్రీన్లు మొదలవుతాయి.

ఎక్స్‌పో ఆన్ చేయగానే కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజిని (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ భాగానికి అందేది) 1.25 పైకి తోసేస్తాయి. 6000కి చాలా చిప్పులకు 1.15 నుంచి 1.2 చాలు. 2023లో కొన్ని ఎక్స్3డీ (అదనపు క్యాష్ మెమరీ ఉన్న రకం) ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ దీనికి 1.3 అని గట్టి హద్దు పెట్టింది. ఆ హద్దు దాకా వెళ్లాల్సిన పనే లేదు.

చాలామంది వదిలేసే లాభం టీరెఫీ, టీఆర్ఎఫ్‌సీ అనే రెండు ర్యామ్ సెట్టింగుల్లో ఉంది. ర్యామ్ సెల్ చిల్లు కుండలాంటిది. అందులో ఛార్జ్ కారిపోతూ ఉంటుంది, అందుకని మధ్యమధ్యలో పని ఆపి మళ్లీ నింపాలి. ఎంతసేపటికోసారి నింపాలో టీరెఫీ చెబుతుంది, నింపడానికి ఎంతసేపు ఆగాలో టీఆర్ఎఫ్‌సీ చెబుతుంది. 6000 దగ్గర ఆటోలో ఇవి సుమారు 11700, 885. హైనిక్స్ అయితే 50000, 500 పెట్టి చూడండి. వేడెక్కితే సెల్ ఇంకా త్వరగా కారుతుంది. అందుకే డిసెంబరులో ఏ ఎర్రరూ లేకుండా పాసైన సెట్టింగు మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏసీ లేని గదిలో ఫెయిలవుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే విండోస్ ప్రోగ్రాంలో స్టిక్కుల టెంపరేచర్ చూస్తూ ఉండండి, 55 డిగ్రీలు దాటుతుంటే టీరెఫీ తగ్గించండి.

ఈ అంకెలు మార్చగానే విండోస్‌లోకి వెళ్లొద్దు. ముందు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష నడపండి. అది పాసయ్యాకే విండోస్‌లో టెస్ట్‌మెమ్5, వై-క్రంచర్ అనే పరీక్షలు గంటల తరబడి నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. డీడీఆర్5 చిప్పులోపల ఈసీసీ (తప్పులు దిద్దే ఏర్పాటు) ఉంది కదా అని ధీమా వద్దు. స్టిక్కు నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారిలో జరిగే తప్పును అది పట్టుకోదు. ఆ తప్పు మీ ఫైళ్లలో చేరిపోతుంది.

ర్యామ్ పూర్తిగా కుదురుకున్నాకే కర్వ్ ఆప్టిమైజర్ ముట్టుకోండి. రెండూ ఒకేసారి మారిస్తే క్రాష్ దేనివల్లో తేలదు. అన్ని కోర్లకూ మైనస్ 15తో మొదలుపెట్టి, ఒక్కో కోర్‌కి విడిగా 5 చొప్పున దిగండి. ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. బాగా బూస్టయ్యే కోర్లే సాధారణంగా తక్కువ మైనస్ భరిస్తాయి.

ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు. అన్ని కోర్ల మీద ఫుల్ లోడ్ టెస్టు రాత్రంతా నడిచి పాసవుతుంది, పొద్దున్నే బ్రౌజర్ తెరిస్తే రీస్టార్ట్ అవుతుంది. ఫుల్ లోడ్‌లో పవర్ లిమిట్ స్పీడుని కిందికి దించుతుంది. లోడ్ తక్కువున్నప్పుడేమో ఒక్క కోరే అత్యధిక స్పీడుకి ఎగబాకుతుంది, వోల్టేజి చాలనిది అక్కడే. అందుకే ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రాం నడపాలి, అందులోని ప్రైమ్95 పరీక్షని ఎస్‌ఎస్‌ఈ మోడ్‌లో పెట్టి, కోర్‌కి కనీసం గంట.

రీస్టార్ట్ అయితే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. వీయా లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పుల నమోదు), ఈవెంట్ 18 కనిపిస్తే లోపల ఏపిక్ ఐడీ అనే అంకె ఉంటుంది. దాన్ని రెండుతో భాగించి శేషం వదిలేస్తే కోర్ నంబరు వస్తుంది. 7 ఉంటే కోర్ 3. ఆ ఒక్క కోర్‌నే 5 వెనక్కి తీసుకోండి, మిగతావాటి జోలికి పోవద్దు.

వారంటీ సంగతి తెలిసే దిగాలి. పీబీఓ (పవర్ లిమిట్లు, కర్వ్ ఆప్టిమైజర్ ఉండే బయోస్ విభాగం), ఎక్స్‌పో రెండింటినీ ఏఎండీ ఓవర్‌క్లాకింగ్‌గానే లెక్కేస్తుంది, వాటివల్ల పాడైతే వారంటీ వర్తించదు. బోర్డు బూట్ కాకుండా మొండికేస్తే ప్లగ్ తీసి, బోర్డు మీద బయోస్ సెట్టింగులు చెరిపేందుకు ఉండే సీమాస్ పిన్నుల్ని స్క్రూడ్రైవర్‌తో కొన్ని సెకన్లు కలపండి, సెట్టింగులన్నీ పోతాయి. బయోస్ అప్‌డేట్ చేసినా పోతాయి. కాబట్టి కుదిరిన సెట్టింగులున్న ప్రతి బయోస్ పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.