బోస్టన్ నుంచి ఫిలడెల్ఫియా దాకా: అమెరికా స్వాతంత్ర్య పోరాట స్థలాల యాత్ర

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వచ్చే తెలుగు తల్లిదండ్రుల యాత్రలు సాధారణంగా నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్‌లతో ముగుస్తాయి. బోస్టన్, కాంకర్డ్, ఫిలడెల్ఫియాలను కూడా అందులో చేర్చుకోవాలని, వాటిని ఈ వరుసలోనే చూడాలని నా గట్టి అభిప్రాయం. అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న ఇక్కడి వలసవాసులు మొదటినుంచీ స్వాతంత్ర్యం కోరినవారు కారు. ఇంగ్లండులో పుట్టినవారికి ఉన్న హక్కులే తమకూ ఉండాలనీ, తమ ప్రతినిధులు లేని పార్లమెంటు తమపై పన్నులు వేయరాదనీ మాత్రమే అడిగారు. 1765లో అచ్చు కాగితాలపై పన్ను వేసిన స్టాంపు చట్టంతో ముదిరిన ఆ వివాదం 1776 నాటికి రాజునే కాదనే దాకా ఎలా వచ్చిందో ఈ మూడు ఊళ్ళను వరుసగా చూసినవారికి స్పష్టంగా తెలుస్తుంది.

బోస్టన్‌లో బస ఖరీదైన వ్యవహారం. వేసవిలోనూ, అక్టోబరులో ఆకులు రంగు మారే రోజుల్లోనూ హోటలు ధరలు మరీ పెరుగుతాయి. మేము నగరం వెలుపల, మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో దిగాము. పాత బోస్టన్‌లో కారు నిలపడానికి అయ్యే ఖర్చు చూశాక కారు లేకపోవడమే మేలనిపించింది. ఉదయపు ఫలహారం అద్దెలోనే కలిసి ఉందన్నారు గాని, శాకాహారులకు రొట్టె, పండ్లు, పాలు తప్ప మరేమీ దొరకలేదు. పెద్దవాళ్ళతో వచ్చేవారు గదిలో మైక్రోవేవ్ ఉన్న చోటు చూసుకోవడం మంచిది.

నగరం నడిబొడ్డున బోస్టన్ కామన్ అనే పచ్చిక మైదానం నుంచి బంకర్ హిల్ వరకు సుమారు నాలుగు కిలోమీటర్ల మేర, 16 చారిత్రక స్థలాలను కలుపుతూ, కాలిబాట మీద ఎర్రటి గీత సాగుతుంది. ఎక్కువచోట్ల అది ఇటుకలతో పరచినదే. దీనినే ఫ్రీడమ్ ట్రైల్ అంటారు. ఆ గీత వెంట నడవడానికి రుసుము లేదు, దారి తప్పే భయమూ లేదు. ఓపికను బట్టి రెండు పూటలుగా పంచుకుంటే హాయిగా ఉంటుంది.

ఈ దారిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది 1713లో కట్టిన ఓల్డ్ స్టేట్ హౌస్. చుట్టూ ఆకాశహర్మ్యాలు, కింద మెట్రో స్టేషను, మధ్యలో ఈ చిన్న ఇటుక భవనం. దాని తూర్పు బాల్కనీకి ఎదురుగా నేలలో గుండ్రంగా రాళ్ళు పొదిగి ఉంచారు. 1770 మార్చి 5 రాత్రి మంచుగడ్డలు విసురుతున్న గుంపుపై బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపి ఐదుగురిని చంపిన ఘటనకు అది గుర్తు. ఆఫ్రికా సంతతికి చెందిన క్రిస్పస్ అటక్స్ ఆ ఐదుగురిలో ఒకడు. తరువాత దేశానికి రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఆ సైనికుల తరఫునే న్యాయస్థానంలో వాదించగా, కెప్టెనూ ఆరుగురు సైనికులూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఊరంతా కోపంతో రగులుతున్నా బ్రిటిష్ న్యాయపద్ధతి మీద నమ్మకం అప్పటికి చెదరలేదన్నమాట. ఆరేళ్ళ తరువాత, 1776 జూలై 18న, అదే బాల్కనీ నుంచి స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించారు. భవనం పైనున్న సింహాన్నీ ఒంటికొమ్ము గుర్రాన్నీ, అంటే రాజచిహ్నాలను, ఆ రోజే దించి తగులబెట్టారు. ఇప్పుడు పైన కనిపించేవి తిరిగి చేయించినవి.

ఇదే టికెట్టుతో ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్ కూడా చూడవచ్చు. 1773 డిసెంబరు 16న సుమారు 5,000 మంది ఇక్కడ గుమిగూడి చర్చించిన తరువాతే నిరసనకారుల చేతుల్లో ఓడల మీది 342 తేయాకు పెట్టెలు సముద్రం పాలయ్యాయి. దీనినే బోస్టన్ టీ పార్టీ అంటారు. ఆ తేయాకు చైనాది, యజమాని ఈస్టిండియా కంపెనీ. బెంగాల్ కరువు తరువాతి రోజుల్లో అప్పుల్లో కూరుకుపోయిన కంపెనీని ఆదుకోవడానికే పార్లమెంటు తేయాకు చట్టం చేసింది. దానివల్ల తేయాకు నిజానికి చవకైంది. అయినా పౌనుకు మూడు పెన్నీల సుంకం చెల్లించి కొంటే పార్లమెంటుకు తమపై పన్ను వేసే హక్కును ఒప్పుకున్నట్టే అవుతుందని ఇక్కడివారు భావించారు. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే ఈ కంపెనీ మొగలు చక్రవర్తి నుంచి మన ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందిందని తెలిసిన తెలుగువారికి ఆ హాలులో కూర్చుంటే ఇది పరాయి కథ అనిపించదు.

రేవులోని టీ పార్టీ ఓడల మ్యూజియం టికెట్టు ముప్పై డాలర్లు దాటుతుంది. నమూనా ఓడ ఎక్కించి, తాడు కట్టిన పెట్టెను నీళ్ళలోకి విసిరే అవకాశమిస్తారు. పిల్లలకు ఎంతో నచ్చుతుంది. పెద్దవాళ్ళు మాత్రమే వెళ్ళేటట్లయితే ఆ సొమ్ము ఓల్డ్ సౌత్ మీద పెట్టడమే సబబు. 1775 నాటి యుద్ధానికి స్మారకమైన బంకర్ హిల్ స్తంభానికి 294 మెట్లున్నాయి, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు కిందినుంచి చూసి రావచ్చు.

కాంకర్డ్‌కు బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి లోకల్ రైలుంది. స్టేషను నుంచి నార్త్ బ్రిడ్జి వరకు రెండు కిలోమీటర్లకు పైగా నడవాలి, లేదా టాక్సీ పిలుచుకోవాలి. పార్కు ప్రవేశం ఉచితం. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున, బోస్టన్ నుంచి కాంకర్డ్‌కు బయలుదేరిన బ్రిటిష్ దళం కాల్పుల్లో, దారిలోని లెక్సింగ్టన్‌లో ఎనిమిది మంది వలసవాసులు నేలకొరిగారు. కొన్ని గంటల తరువాత ఈ వంతెన దగ్గర, తమ అధికారి ఆజ్ఞ మీద, రైతులు రాజు సైన్యంపై తుపాకులు పేల్చారు. ఇప్పుడున్నది పాతదాని నమూనాలో కట్టిన కొయ్య వంతెన. దానికి ఒకవైపు, నాగలి పక్కన తుపాకి పట్టి నిలబడిన రైతు విగ్రహముంది. మరోవైపు రాతిగోడ వారగా ఇద్దరు బ్రిటిష్ సైనికుల సమాధి ఉంది. శత్రువులనూ తలచుకునే ఆ చోటు నా మనసును కదిలించింది. ఆ రోజు బోస్టన్‌కు తిరిగివెళ్ళే దారి పొడవునా కాల్పులు ఎదుర్కొన్న బ్రిటిష్ దళంలో 73 మంది చనిపోయారు. ఇంత జరిగాక కూడా, అదే జూలైలో, వలసల ప్రతినిధులు రాజుకు రాజీ కోరుతూ విన్నపం పంపారు. దాన్ని స్వీకరించకుండా రాజు వారిని తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. 1776 జనవరిలో థామస్ పెయిన్ అచ్చువేసిన చిన్న పుస్తకం, అసలు రాజరికమే ఎందుకని సూటిగా ప్రశ్నించి, జనం మాట్లాడుకునే తీరునే మార్చివేసింది.

ఫిలడెల్ఫియాకు రైలులో ఐదారు గంటలు పడుతుంది. బస్సు చవకే గాని, న్యూయార్క్ దగ్గర రద్దీని లెక్కలోకి తీసుకోవాలి. ఇండిపెండెన్స్ హాలులోకి వెళ్ళడానికి నిర్ణీత సమయపు టికెట్టును ఒక్క డాలరు రుసుముతో ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. వేసవిలో ఆఖరి నిమిషంలో దొరకడం కష్టం. ప్రకటనకు ఆమోదముద్ర పడిన గదిలో బల్లలపై ఆకుపచ్చ గుడ్డలు, ఈకకలాలు అమర్చి ఉంచారు. అక్కడి పార్కు ఉద్యోగి అయిన రేంజర్ ఓపికగా వివరించారు, మా ప్రశ్నలకు తొందరపడకుండా జవాబిచ్చారు. 1776 జూలై 2న స్వాతంత్ర్య తీర్మానం, 4న ప్రకటనకు ఆమోదం, ఎక్కువమంది సంతకాలు ఆగస్టు 2న. ఆ ప్రకటనను నిదానంగా చదవమని నా సలహా. పదేళ్ళకు పైగా పార్లమెంటుతో వాదించినవారు, అందులో పార్లమెంటు పేరైనా ఎత్తకుండా, అభియోగాలన్నీ రాజు మీదే మోపారు.

స్వాతంత్ర్యానికి చిహ్నంగా నిలిచిన పగుళ్ళ గంట లిబర్టీ బెల్‌కు టికెట్టు అక్కరలేదు గాని వరుస పొడవుగా ఉంటుంది. దాని పక్కనే వాషింగ్టన్ అధ్యక్షుడిగా నివసించిన ఇంటి స్థలముంది. ఆయన ఆ ఇంట్లో తొమ్మిది మందిని బానిసలుగా ఉంచుకున్నాడు. మనుషులందరూ సమానులని చాటిన హాలుకు కూతవేటు దూరంలో ఉన్న ఈ స్థలాన్ని ఫోటోల తొందరలో దాటిపోవడం న్యాయం కాదు.

యుద్ధాన్ని తేల్చిన యార్క్‌టౌన్ ఇక్కడినుంచి కారులో ఐదు గంటల దూరంలో, వర్జీనియాలో ఉంది, మేము వెళ్ళలేకపోయాము. 1781 అక్టోబరు 19న అక్కడ లొంగిపోయిన సైన్యానికి అధిపతి కార్న్‌వాలిసే. ఐదేళ్ళకే గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, టిప్పు సుల్తానుతో యుద్ధం చేసి, బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినవాడూ ఆయనే. ఆ పద్ధతి తరువాత ఉత్తర సర్కారులకూ పాకింది.

ఒక్క ఊరికే సమయం ఉన్నవారు బోస్టన్‌నే ఎంచుకోవాలి. ఉదయం ఓల్డ్ స్టేట్ హౌస్, ఓల్డ్ సౌత్ చూసుకుని మధ్యాహ్నం రైలుకు కాంకర్డ్ వెళ్తే సాయంత్రానికి తిరిగి రావచ్చు. తిరుగు రైళ్ళ మధ్య వ్యవధి ఎక్కువ కాబట్టి, ముఖ్యంగా శని, ఆదివారాల్లో, వేళలు చూసుకునే బయలుదేరాలి.