కొన్న ఎరువును పూలపాదుల్లో వేసే ముందు బీన్స్ గింజలతో పరీక్షించండి

చలికాలం రాబోతుందనగా పూలతోటకు ఎరువు పరిచే పని చాలామంది మొదలుపెడతారు. ఆ పని కోసం సంచుల్లో వచ్చే పశువుల ఎరువును కొనబోయేవారి కంట నా అనుభవం ముందుగానే పడాలని ఇది రాస్తున్నాను. నేను కొన్న ఎరువులో పచ్చికబయళ్లపై చల్లే కలుపు మందు మిగిలి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే చామంతులు, ఆస్టర్లు, శరదృతువులో విత్తిన స్వీట్ పీ అనే పూల తీగ నారు చేతికందకుండా పోయాయి. అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇలాంటి ఎరువు ఏ అమ్మకందారు దగ్గరికైనా రావచ్చు కనుక, పేరు చూసి జాగ్రత్తపడటం కన్నా ఎరువును పరీక్షించి జాగ్రత్తపడటమే మనకు పనికొస్తుంది.

సంచి మీద సేంద్రియ ఎరువు అని, బాగా చివికినది అని రాసి ఉంది. విప్పి చూస్తే నల్లగా, పొడిపొడిగా, ఏ దుర్వాసనా లేకుండా ఉంది. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దయింది, వేలితో తాకితే విడిపోయింది. మంచి ఎరువును గుర్తించడానికి మనం చూసే గుర్తులన్నీ దానిలో ఉన్నందున, ఏ అనుమానమూ లేకుండా చామంతి మడుల్లో దాదాపు 5 సెంటీమీటర్ల మందాన పరిచాను. మిగిలినది స్వీట్ పీ కుండీల మట్టిలో కలిపాను.

రెండు వారాలు దాటాక చామంతి చిగుళ్లలో తేడా కనిపించింది. పాత ఆకులు మామూలుగానే ఉన్నా, కొత్తగా వచ్చిన ఆకుల అంచులు పైకి లేచి దోసిలి పట్టినట్టు ముడుచుకున్నాయి. చివరి ఆకులు వెడల్పు కోల్పోయి, ఈనెలు దగ్గరదగ్గరగా చేరి, ఫెర్న్ ఆకుల్లా సన్నబడ్డాయి. మొగ్గ కింద కాడ కొక్కెంలా వంగిపోయింది, మొగ్గలు ఆకుపచ్చగానే ఉండిపోయి విచ్చుకోలేదు. పేనుబంక అనుకుని ప్రతి ఆకునూ తిప్పి భూతద్దంతో చూశాను, ఒక్క పురుగు లేదు. వైరస్ సోకితే ఆకులపై కనిపించే పసుపు మచ్చలు కూడా లేవు. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించి చూసినా మార్పు రాలేదు.

అనుమానం ఎరువు మీదికి మళ్లడానికి కారణం ఆ మడి అంచున ఉన్న అలీసమ్. అదే ఎరువులో, అదే చలిలో అది నిండుగా పూసి ఉంది, పక్కన మొలిచిన గడ్డి కూడా ఏపుగా ఉంది. మరోవైపు, అదే చామంతి తల్లిమొక్క నుంచి తీసిన కొమ్మ ఒకటి ఎరువు వేయని చిన్న కుండీలో విడిగా ఉంది, దాని ఆకులు ఒక్క ముడత లేకుండా చదునుగా ఉన్నాయి. చలి వల్ల అయితే రెండూ దెబ్బతినాలి. చామంతి, ఆస్టర్, బంతి, జినియా, డాలియా, పొద్దుతిరుగుడు అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. స్వీట్ పీ చిక్కుడు జాతిది. ఈ రెండు కుటుంబాలను తీవ్రంగా దెబ్బతీసి, గడ్డినీ ఆవాల కుటుంబానికి చెందిన అలీసమ్‌నూ వదిలేసే కలుపు మందులు ఉన్నాయని అప్పుడు తెలుసుకున్నాను.

వాటిలో ముఖ్యమైనవి క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్. గడ్డికి హాని చేయకుండా వెడల్పాకు కలుపును చంపడానికి వీటిని పచ్చికబయళ్లపై చల్లుతారు. మొక్కలో పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోన్‌ను ఇవి అనుకరిస్తాయి కనుక, చిగురు అదుపు తప్పి పెరిగి మెలికలు తిరుగుతుంది. మందు చల్లిన గడ్డిని పశువు మేసినప్పుడు అది జీర్ణం కాకుండా పేడలోకీ మూత్రంలోకీ వచ్చేస్తుంది, పేడ ఎరువుగా మారినా చాలావరకు అలాగే మిగులుతుంది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని నెమ్మదిగా విడగొడతాయి గానీ, ఎరువు కుప్పలో ఆ పని మరీ నెమ్మదిగా సాగుతుంది, చలికాలంలో దాదాపు ఆగిపోతుంది. ఎరువులో వంద కోట్ల పాళ్లకు పది పాళ్లు ఉన్నా సున్నితమైన మొక్కలు దెబ్బతినగలవు కాబట్టి, కంటికీ ముక్కుకూ అది దొరకదు. ఇది కొత్త సమస్య కూడా కాదు. అమినోపిరాలిడ్ వల్ల ఇంటి తోటలు పాడయ్యాయన్న ఫిర్యాదులు పెరగడంతో బ్రిటన్‌లో 2008లో దాని అమ్మకాలను కొంతకాలం నిలిపివేశారు.

అమ్మినవారికి ఫోటోలు పంపి విషయం వివరించాను. చలి వల్ల అలా అయి ఉంటుందని, తాము ఏ మందూ చల్లలేదని బదులిచ్చారు. తాము చల్లలేదన్న మాట నిజమే కావచ్చు. గడ్డి ఒకరిది, పశువులు ఇంకొకరివి, సంచుల్లో నింపేది మరొకరు కావచ్చు కనుక, చివర అమ్మేవారికి మొదట ఏం జరిగిందో తెలియకపోవచ్చు. అయితే ఎరువు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చెప్పలేదు, నమూనా ఇస్తానంటే తీసుకోలేదు, సంచి మీద తయారీ తేదీ గానీ బ్యాచ్ సంఖ్య గానీ లేకపోవడంతో ఫిర్యాదుకు ఆధారం చూపడం నాకు కష్టమైంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. పొరపాటు జరిగినా, అదే ఎరువు ఇంకెందరి ఇళ్లకు చేరిందో కనుక్కునే ప్రయత్నమైనా చేయవలసింది.

తర్వాత నేను చేసిన పరీక్షను ముందే చేసి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు. కొన్న ఎరువును సంచిలో రెండు మూడు చోట్ల నుంచి తీసి, ఏ అనుమానమూ లేని కుండీ మట్టితో సగం సగం కలిపి మూడు చిన్న కుండీలు నింపండి. మరో మూడింటిలో ఆ మట్టినే, ఎరువు లేకుండా నింపండి. ఒక్కో కుండీలో మూడు నాలుగు బీన్స్ గింజలు నాటి, వెలుతురు పడే కిటికీ దగ్గర వెచ్చగా ఉంచండి. ఎరువు కుండీలోంచి కారిన నీరు రెండో వరుసకు చేరితే పరీక్ష చెడిపోతుంది కాబట్టి ప్రతి కుండీ కింద విడి పళ్లెం పెట్టండి. మొలిచాక మొదట వచ్చే జంట ఆకులను చూసి నిశ్చింత పడవద్దు. నా కుండీల్లో ఆ రెండు ఆకులూ దాదాపు బాగానే వచ్చాయి, ఆ తర్వాత వచ్చిన మూడు రెక్కల ఆకు మాత్రం సగం మూసిన గొడుగులా ముడుచుకుని తెరుచుకోలేదు, కాడ పక్కకు మెలి తిరిగింది. ఎరువు లేని మూడు కుండీల్లోనూ అదే ఆకు అరచేయిలా విచ్చుకుంది. మూడు నుంచి నాలుగు వారాలు ఓపిక పడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కొనేటప్పుడు పశువుల మేతపై కలుపు మందు చల్లారా అని అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. రసీదును, ఖాళీ సంచిని దాచి, గుప్పెడు ఎరువును మూత ఉన్న సీసాలో తేదీ రాసి ఉంచండి. ఎండుగడ్డి, పచ్చిక కోతలు కొని మొక్కల మొదళ్లలో కప్పేవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఇప్పటికే పరిచి ఉంటే, ఎరువు ఇంకా పైపొరలోనే ఉన్నప్పుడు వీలైనంత ఎత్తివేయండి. దెబ్బతిన్న మొక్కలను ఇంటి కంపోస్టు గుంటలో వేయవద్దు, ఇతరులకూ ఇవ్వవద్దు, లేకపోతే మందు మళ్లీ ఎరువులోకే చేరుతుంది. నేను ఆ మడిని తవ్వి మట్టి తిరగేసి, ప్రస్తుతానికి గడ్డి విత్తాను. వాతావరణం వేడెక్కి సూక్ష్మజీవులు చురుకైన తర్వాత మళ్లీ తిరగేస్తాను. ఆ మట్టిలో నాటిన బీన్స్ మూడు రెక్కల ఆకు చదునుగా విచ్చుకున్న రోజున, విడి కుండీలో మిగిలిన ఆ ఒక్క చామంతి నుంచి కొమ్మలు తీసి అక్కడ నాటుతాను.